బూసాన్ కబురు, మోండా కాంటా

2025 నవంబరు 3న, కార్తీక పున్నమికి రెండు రోజుల ముందు, ఒక అక్క అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేక నీళ్లు నమిలాను. ధర్మాబాదు మోండాలో, అంటే పంటల మార్కెట్టులో, ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకే ఆడత్తు (కమీషన్) దుకాణంలో లెక్కలు రాస్తున్న మునీముని నేను. తూకం, తరుగు, హమాలీ, తోలాయి (తూకం కూలి) నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆమె అడిగింది అవేవీ కాదు.

"తమ్ముడూ, అమెరికా ఆయన, చైనా ఆయన కలుసుకున్నారట. మా మనవడు ఫోనులో చూపించాడు. చైనా వాళ్లు సోయా కొంటామన్నారట. నా పదకొండు బస్తాలు ఇప్పుడు అమ్మమంటావా, ఆపుకోమంటావా?"

మా ఊరు తెలియని వాళ్లకు ఒక మాట. ధర్మాబాదు మహారాష్ట్రలో, నాందేడ్ జిల్లాలో ఉంది. రైలెక్కి కిటికీ పక్కన కుదురుకునేలోపు బాసర వచ్చేస్తుంది. మా బజారులో బోర్డులు మరాఠీలో, బేరాలు తెలుగులో, తిట్లు రెండింట్లోనూ ఉంటాయి. నేను బడిలో చదివింది మరాఠీ. తెలుగు అక్షరాలు మా అమ్మ దిద్దించింది, నిజామాబాదు నుంచి రైల్లో వచ్చే పేపరు వాటిని మరిచిపోనివ్వలేదు. మా ఊరికి పేరు తెచ్చింది ఎర్ర మిర్చి. కానీ దసరా దాటిందంటే మోండా నిండా సోయానే.

అక్క సరుకు గుప్పిట్లోకి తీసుకుని చూశాను. సెప్టెంబరు వానలకు కాయ చెట్టు మీదే నానింది. గింజ పసుపు మాసి మట్టి రంగుకు తిరిగింది, కొన్నింటికి నల్ల మచ్చ కూడా పడింది. తేమ యంత్రంలో పోస్తే 14.6 చూపించింది. పన్నెండు దాటితే సర్కారు కేంద్రం కొనదు. ఆ రోజుకి ఆ కేంద్రం తలుపే తెరుచుకోలేదు. 2025లో సోయాకు మద్దతు ధర క్వింటాలుకు 5,328 రూపాయలు. ఆమె సరుకుకు మా సేటు చెప్పింది 3,950.

"ఆగు అక్కా, లెక్క వేస్తాను" అని చిట్టీ వెనక్కి తిప్పాను. ట్రంపు, షీ జిన్‌పింగ్ దక్షిణ కొరియాలోని బూసాన్‌లో కలిసింది అక్టోబరు 30న. ఆ కబురుతో షికాగో బజారులో సోయా బుషెల్ పదకొండు డాలర్లు దాటింది. ఏడాదికి పైగా వాళ్లు చూడని ధర అది. బుషెల్ అంటే సోయాకైతే 27 కిలోల 200 గ్రాములు. డాలరు 88 రూపాయలనుకుందాం. పదకొండు డాలర్లు 968 రూపాయలు. ఆ లెక్కన క్వింటాలు సుమారు 3,560.

"అంటే అమెరికా రైతుకు నాకంటే తక్కువ వస్తోందా?" అంది అక్క నమ్మలేనట్టు.

"ధర తక్కువే. కానీ వాళ్లకు ఎకరానికి పదమూడు, పద్నాలుగు క్వింటాళ్లు పండుతుంది."

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆమెకు ఆ ఏడాది రెండున్నర ఎకరాల మీద వచ్చింది ఆ పదకొండు బస్తాలే. షికాగోలో ధర ఎగిరి గంతేసినా అది మన మద్దతు ధరకు ఆమడ దూరంలోనే ఉంటుంది. కాబట్టి బూసాన్‌లో చేతులు కలిస్తే ధర్మాబాదులో కాంటా పైకి లేస్తుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మరి మనకు సంబంధమే లేదా అంటే, అలా అనడానికీ వీల్లేదు. ఆ మధ్యలో ఉన్నదంతా ఆమెకు అక్కడ కూర్చుని చెప్పలేకపోయాను. ఒక్క ఓడ కథ మాత్రం తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) రాస్తూ చెప్పాను.

2018 వేసవి. చైనా సరుకు మీద అమెరికా 25 శాతం సుంకం వేస్తానంది. వేస్తే మేమూ అదే రోజు వేస్తామంది చైనా. వాళ్లు ఏరుకున్న వస్తువుల్లో ముందు వరసలో సోయా ఉంది. ముహూర్తం జూలై 6. పీక్ పెగాసస్ అనే ఓడ దానికి నెల ముందే, జూన్ 8న, సియాటిల్ నుంచి బయలుదేరింది. కడుపులో 70 వేల టన్నుల సోయా. క్వింటాలు బస్తాలుగా కడితే ఏడు లక్షల బస్తాలు! అది చైనాలోని దాలియెన్ రేవుకు చేరాలి. ముహూర్తం దగ్గర పడేకొద్దీ కెప్టెను వేగం పెంచాడు. చైనాలో జనం ఫోన్లలో ఆ ఓడ ఎక్కడుందో గంట గంటకూ చూస్తూ, క్రికెట్ చివరి ఓవరు చూసినట్టు కేకలు వేశారు. ఆరో తేదీ మధ్యాహ్నం సుంకం అమల్లోకి వచ్చింది. ఓడ ఆ సాయంత్రానికి చేరింది. పూటలో పోయింది.

సరుకు ఖరీదు రెండు కోట్ల డాలర్లకు పైన. సుంకం కట్టాలంటే యాభై లక్షల డాలర్లకు పైన. దించుకుంటే ఆ నష్టం, దించుకోకపోతే ఓడ అద్దె రోజుకు 12,500 డాలర్లు. నెలకు పైగా ఆ ఓడ దాలియెన్ ఎదుట సముద్రంలో చక్కర్లు కొట్టింది. ఆగస్టు రెండో వారంలో గానీ రేవులోకి రాలేదు.

ఆ వార్త అప్పట్లో పేపర్లో చదివి నేను నవ్వలేదు. ఆ ఓడ బాధ నాకు తెలుసు. జీఎస్టీ రాక ముందు రాష్ట్రం దాటే ప్రతి లారీకీ చెక్‌పోస్టు అనే గండం ఒకటి ఉండేది. ఒకసారి గుంటూరు నుంచి మా మిర్చి లారీ వస్తోంది. ఒక కాగితం మీద పడాల్సిన ముద్ర పడలేదని ఒక చెక్‌పోస్టులో పక్కన పెట్టించారు. నేను బస్సెక్కి వెళ్లేసరికి డ్రైవరు లారీ కింద స్టవ్ పెట్టి అన్నం వండుకుంటున్నాడు. రెండు రాత్రులు తుంపర. టార్పాలిన్ కొసన చిరుగు. మూడో రోజు ముద్ర పడింది. మోండాలో దించాక చూస్తే చిరుగు కింద ఏడు టిక్కీలు (మిర్చి బస్తాలు) చెమ్మ పట్టి వాసన మారాయి. ముద్ర వేసినాయన తప్పేమీ లేదు, కాగితంలో లోపం మాదే. కానీ ఆ ఏడు టిక్కీలు తాలు ధరకు పోతుంటే సేటు నా ముఖం చూడలేదు, నేను సేటు ముఖం చూడలేదు. సుంకం ఎంత అనేదాని కన్నా, గేటు ముందు నిలబెట్టడమే సరుకును తినేస్తుందని నాకు ఆ రోజు అర్థమైంది.

మా తాతగారు సుంకాన్ని కరోడ్‌గిరీ అనేవారు. నిజాం రాజ్యానికి సొంత సుంకాల శాఖ ఉండేది, దాని పేరే అది. నూటికి ఐదు వంతున కట్టేవాళ్లు. అప్పుడు ధర్మాబాదు, బాసర ఒకే రాజ్యం. బ్రిటిషు వాళ్ల షోలాపూరు వైపు పోతే గానీ సరిహద్దు తగిలేది కాదు. 1956లో గీత జరిగి మా ఇంటి పక్కకు వచ్చింది. మేము కదల్లేదు. "నూటికి ఐదు అని అందరికీ తెలుసు కాబట్టి ధర చెప్పేటప్పుడే కలుపుకునేవాళ్లం" అనేవారు తాతగారు. ఈ మాట దగ్గర నేను చాలాసార్లు ఆగుతాను. ఎందుకో కాస్త కింద చెబుతాను.

ఓడ సంగతికి వద్దాం. చైనాకు అంత సోయా ఎందుకంటే పందుల కోసం. ప్రపంచంలో ఉన్న పందుల్లో దాదాపు సగం అక్కడే పెరుగుతాయి. సోయా గింజ పిండితే నూటికి పద్దెనిమిది కిలోల నూనె వస్తుంది, ఎనభై కిలోల చెక్క మిగులుతుంది. ఆ చెక్కను మేము డీఓసీ అంటాం. పందులకూ కోళ్లకూ మేత అదే. 2017లో చైనా అమెరికా నుంచి 3 కోట్ల 20 లక్షల టన్నులకు పైన సోయా కొన్నది. సుంకాల పోరు మొదలైన 2018లో అది 1 కోటి 66 లక్షలకు పడింది, అంటే సగం. నార్త్ డకోటా లాంటి చోట్ల రైతుల పంట రైలెక్కి పసిఫిక్ రేవులకు, అక్కడి నుంచి చైనాకు పోయేది. ఆ దారే మూసుకుపోయింది. ఆ రైతులకు అమెరికా సర్కారు 2018లో 1,200 కోట్ల డాలర్లు, 2019లో ఇంకో 1,600 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది. ఇంకోవైపు చైనా వస్తువుల మీద వేసిన సుంకం భారం దాదాపు పూర్తిగా అమెరికాలో కొనుక్కునేవాళ్ల మీదే పడిందని న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు ఆర్థికవేత్త మేరీ అమిటీ, మరో ఇద్దరు 2019లో లెక్కగట్టి చూపించారు. కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో వేసుకుంటూ ఎదుటివాడికి జరిమానా వేశామనుకోవడం. మా వీధిలో ఇలాంటి మగవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

చైనా పందులు మాత్రం ఆకలితో చచ్చిపోలేదు. 2018 ఆగస్టులో వచ్చిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవరు వల్ల చచ్చాయి, అది వేరే సంగతి. మేత బ్రెజిల్ నుంచి వచ్చింది. ఆ రాక మళ్లీ పాత స్థాయికి పడలేదు. 2020 జనవరి 15న రెండు దేశాలూ మొదటి దశ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. చైనా రెండేళ్లలో అదనంగా 20 వేల కోట్ల డాలర్ల సరుకు కొంటానంది, ఆ మాట నిలవలేదు. 2024 లెక్క చూడండి. చైనా తెప్పించుకున్న సోయా పదిన్నర కోట్ల టన్నులు. అందులో బ్రెజిల్‌ది 7 కోట్ల 46 లక్షలు, అమెరికాది 2 కోట్ల 21 లక్షలు.

ఎందుకు తిరిగి రాలేదు? దీనికి ఆర్థికవేత్తల దగ్గర వేరే మాటలుంటాయి. మా దగ్గర ఉన్న మాట వాడుక. పాల వాడుక, కిరాణా వాడుక అంటాం కదా, అదే.

పదిహేనేళ్ల కిందట మా మోండాలో హమాలీ రేటు మీద గొడవ వచ్చింది. బస్తాకు రూపాయి పెంచాలని హమాలీలు, పెంచేది లేదని వ్యాపారులు పట్టు పట్టారు. ఇద్దరిదీ పంతం. ఇరవై మూడు రోజులు కాంటాలు లేవలేదు. అవతలి పక్షం ముందు దిగి వస్తుందని ఎవరికి వారు కాచుకు కూర్చున్నారు. రైతు మాత్రం కూర్చోలేదు. సరిహద్దు అవతలి మార్కెట్టుకు బండి తిప్పాడు. ఇరవై నాలుగో రోజున అర్ధరూపాయి దగ్గర రాజీ కుదిరింది. కొబ్బరికాయలు కొట్టి, పేడాలు పంచి, మోండా తెరిచి చూస్తే ఆ సీజనులో మా దుకాణానికి రావలసిన ఖాతాల్లో మూడో వంతు రాలేదు.

వాళ్లలో ఒక కుటుంబం మాకు మూడు తరాల ఖాతా. వాళ్ల ఆడపిల్ల పెళ్లికి కాగితం లేకుండా సేటు డబ్బు సర్దిన ఇల్లు. ఆ ఇంటి పెద్దాయన తర్వాత ఒక పెళ్లిలో పంక్తిలో నా పక్కనే కూర్చున్నారు. ఇద్దరం వడ్డన వైపు చూస్తున్నాం. నేను అడగకుండానే ఆయనే అన్నారు: "మీ మీద కోపం లేదు మునీంగారూ. అక్కడ ధర ఎక్కువేమీ కాదు. కానీ మీరు మళ్లీ ఎప్పుడు మూస్తారో అని బండి కట్టేటప్పుడు ఒక భయం. అక్కడ అది లేదు. అలవాటైపోయింది." నేను నెయ్యి కలుపుకుంటూ ఊరుకున్నాను. ఏం చెప్పను? ఆయన అన్నది నిజం.

అమెరికా సోయా విషయంలో చైనా మనసులో ఉన్నదీ ఇదేనని నా అభిప్రాయం. 25 శాతం సుంకాన్ని భరించవచ్చు, తగ్గించవచ్చు, తీసేయవచ్చు. మళ్లీ ఎప్పుడు మూస్తారో అన్న అనుమానాన్ని ఏ ఒప్పందమూ తీసేయలేదు. 2025లో జరిగింది చూడండి. ఫిబ్రవరిలో చైనా సరుకు మీద అమెరికా పది శాతం అదనంగా వేసింది. మార్చిలో ఇంకో పది. చైనా అమెరికా సోయా మీద పది శాతం, పత్తి మీద పదిహేను శాతం వేసి జవాబిచ్చింది. ఏప్రిల్‌లో వేలంపాటలా పెంచుకుంటూ అమెరికా 145 దగ్గర, చైనా 125 దగ్గర ఆగాయి. ఆ అంకెల దగ్గర సుంకానికి అర్థం లేదు, గేటుకు తాళం వేసినట్టే. మే 12న జెనీవాలో తొంభై రోజుల రాజీ. అమెరికా 30కి దిగింది, చైనా 10కి దిగింది. సుంకాన్ని చైనా గొంతు మీద పెడదామని అమెరికా చూస్తే, మోటార్ల అయస్కాంతాలకు కావలసిన అరుదైన ఖనిజాలను చైనా ఏప్రిల్‌లోనే చేతిలో బిగించి పట్టుకుంది. సెప్టెంబరులో చైనా అమెరికా నుంచి ఒక్క గింజ సోయా కూడా తెప్పించుకోలేదు. అది అక్కడ కోతల నెల.

బూసాన్ మాట ఏమిటంటే, 2025 ముగిసేలోగా 1 కోటి 20 లక్షల టన్నులు, ఆ తర్వాత మూడేళ్ల పాటు ఏటా 2 కోట్ల 50 లక్షల టన్నులు చైనా కొంటుంది. టీవీలో దాన్ని గొప్ప విజయంగా చూపించారు. పైన నేను రాసిన 2024 అంకె ఒకసారి చూడండి. ఇంత రభస చేసి చేరింది కాస్త అటూ ఇటూగా బయలుదేరిన చోటుకే. పైగా నవంబరు 10న సుంకం తగ్గించాక కూడా చైనా రేవులో అమెరికా సోయాకు 13 శాతం సుంకం మిగిలింది, బ్రెజిల్ సోయాకు 3 శాతమే.

ఇప్పుడు తాతగారి మాట దగ్గరికి వస్తాను. మా తాలూకాలోనే గోదావరి మీద బాబ్లీ బ్యారేజీ ఉంది. తెలుగు పేపర్లు చదివేవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. గేట్లు దించితే కింద శ్రీరాంసాగరుకు నీళ్లు రావని అటువాళ్లు, దించకపోతే మా పొలాలు ఎండుతాయని ఇటువాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడారు. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తేల్చింది: జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా పద్నాలుగు గేట్లూ ఎత్తి ఉంచాలి, ఆ తర్వాత దించుకోవచ్చు. ఇటువాళ్లకూ అటువాళ్లకూ ఆ తీర్పు పూర్తిగా నచ్చలేదు. కానీ ఒక తేదీ వచ్చింది. అక్టోబరు 28 అనేది మా రైతు క్యాలెండర్లో పండగలా గుర్తు. దాన్ని బట్టి శనగ వేయాలా, జొన్న వేయాలా అని చూసుకుంటాడు. కరోడ్‌గిరీ నూటికి ఐదైనా, బాబ్లీ నాలుగు నెలలైనా, తెలిసిన గేటుతో మనిషి కాపురం చేయగలడు. సొంత మనసు తెలియనివాడి చేతిలో గేటు ఉంటేనే కష్టం.

మన దేశం తీరు మాత్రం ఏమంత మెరుగు? 2024 సెప్టెంబరు 14న ముడి వంటనూనెల దిగుమతి సుంకం అన్నీ కలిపి 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు. ఆ కబురు రాగానే మా సేటు "మునీం, సోయా ఇక ఆగదు" అని రెండు వందల బస్తాలు గోదాములో పెట్టించారు. వద్దని నేను అనలేదు. ఒక వారం ధర లేచింది కూడా. తర్వాత కూలబడింది. వంటనూనె ధర మాత్రం మా ఇంట్లో అట్ల పెనం మీద తెలిసేంత పెరిగింది. ఇదేమి విడ్డూరమని సేటు తల పట్టుకున్నారు. విడ్డూరం లేదు. క్వింటాలు గింజలో నూనె పద్దెనిమిది కిలోలే. మిగతా ఎనభై కిలోల చెక్కకు బయటి దేశాల్లో ధర పడిపోయింది. ఇక్కడేమో ఇథనాలు కర్మాగారాల నుంచి వచ్చే మొక్కజొన్న పిప్పి చవగ్గా దొరుకుతుంటే కోళ్ల ఫారాల వాళ్లు అటు మళ్లారు. తీరా 2025 మే నెలాఖరులో ముడి నూనె సుంకాన్ని మళ్లీ 16.5కి దించారు. ధర ముందుగా తెలుసుకుందామంటే 2021 డిసెంబరులోనే మన దగ్గర సోయా ఫ్యూచర్స్, అంటే రాబోయే నెలల ధరకు ముందే చేసుకునే బేరాలు, బంద్ చేశారు. అందుకే నేను పొద్దున్నే ఫోనులో షికాగో చూస్తాను, దాలియెన్ బజారు చూస్తాను, పామాయిల్ కోసం మలేషియా చూస్తాను. చివరికి లాతూరు మిల్లువాళ్లకు ఫోను చేసి ఇవాళ ఎంత అని అడుగుతాను.

పత్తి సంగతి త్వరగా చెప్పేస్తాను, తలచుకుంటే ఒళ్లు మండుతుంది. రష్యా చమురు కొంటున్నామని, 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద సుంకాన్ని యాభై శాతం చేస్తానని అమెరికా ముందే ప్రకటించింది, చేసింది కూడా. బట్టల మిల్లులు గోల పెట్టాయి. వాటికి ఊరటగా ఆగస్టు 19 నుంచి విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని మన సర్కారు ఎత్తేసింది. ముందు సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మా జిన్నింగు మిల్లుల ముందు పత్తి బండ్లు వరస కట్టేది సరిగ్గా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ సీజనులో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110. ప్రైవేటు వాళ్లు ఏడు వేల చుట్టూ తిరిగారు. కొట్లాడుకునేది వాళ్లు, దారి వెతుక్కుంటూ వచ్చే సరుకు మన వాకిట్లోకి, అడ్డం ఉన్న కర్ర తీసి పక్కన పెట్టింది మనం.

ఒక్క విషయంలో అక్కకు పనికొచ్చే మాట చెప్పగలిగాను. చైనా విద్యుత్ కార్ల మీద కెనడా 2024 అక్టోబరులో నూరు శాతం సుంకం వేసింది. అందుకు బదులుగా 2025 మార్చి 20 నుంచి కెనడా బఠానీల మీద చైనా నూరు శాతం వేసింది. కారుకు బఠానీతో జవాబు! మన గేటు మాత్రం తెరిచే ఉంది: మన దేశంలోకి పసుపు బఠానీ 2023 డిసెంబరు నుంచి సుంకం లేకుండా దిగుతూ వచ్చింది. శనగపిండిలో బఠానీ పిండి కలిపితే బజ్జీ తినేవాడు పట్టుకోలేడు గానీ శనగ పండించేవాడు పట్టుకుంటాడు, మోండాలో ధర విన్న క్షణంలోనే. 2025 నవంబరు 1 నుంచి బఠానీ మీద ముప్పై శాతం సుంకం వేశారు. అందుకని, "యాసంగికి శనగే వేసుకో అక్కా, పోయిన ఏడాది అంత అన్యాయం ఉండకపోవచ్చు" అన్నాను. వేలు పెట్టి చెప్పలేదు, ఉండకపోవచ్చు అన్నాను. రేపు ఆ ముప్పై కూడా తీసేస్తే ఆమె నా దుకాణానికి వచ్చి అడుగుతుంది, బూసాన్‌కు వెళ్లి అడగదు.

అక్క చివరికి ఎనిమిది బస్తాలు అమ్మింది. కాస్త మెరుగ్గా ఉన్న మూడు ఆరబెట్టుకుంటానని వెనక్కి తీసుకుంది. సర్కారు కేంద్రం తెరిస్తే అక్కడికి, లేకపోతే విత్తనానికి. నేను ఓడ కథ చెబుతూ తక్‌పట్టీ రాసి, సంతకం పెట్టి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. ఆమె చదువుకోలేదు. కాగితం చూడనే లేదు. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, వేళ్ల మీద ఏదో గుణించి, "తమ్ముడూ, తప్పు" అంది.

తప్పే. ఎనిమిది బస్తాలకు బదులు పదకొండింటికి హమాలీ, తోలాయి కోశాను. మూడు బస్తాల మీద నలభై రెండు రూపాయలు. ముప్పై ఒక్క ఏళ్లలో ఇలాంటివి చేతి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. సేటు ఏమీ అనకుండా గల్లా తెరిచి నలభై రెండు తీసి ఆమె చేతిలో పెట్టారు. హమాలీ కుర్రాళ్లు ముసిముసిగా నవ్వుతున్నారు.

అక్క డబ్బు కొంగున ముడి వేసుకుని మెట్లు దిగింది. రెండు అడుగులు వేసి ఆగి వెనక్కి తిరిగింది.

"అయితే ఆ ఓడను నెల రోజులు నీళ్ల మీదే నిలబెట్టారా? సోయానా? వాళ్ల దగ్గర తేమకు ఎంత కోశారో మరి!"